ఐలయ్యకో కార్డు ముక్క

మాదాపూర్,
30 అక్టోబరు 1974

ఎనిమిదెకరాల బండరాళ్లకూ, వాటి సందుల్లో మిగిలిన కాస్త మట్టికీ ఏకైక పట్టాదారులైన భీమేశ్వరరావు మామయ్యగారికి మేనల్లుడు సీతారామాంజనేయులు సాష్టాంగపడి, లేచి, దుమ్ము దులుపుకుని రాస్తున్నది.

ఇక్కడ నేను క్షేమం. డ్రైవరు ఐలయ్య క్షేమం. బావిలో నీళ్లు కూడా క్షేమమే. క్షేమంగా లేనిదల్లా మీ ట్రాక్టరు. మీరు దసరాకి వచ్చి, దాని ఒంటినిండా పసుపు పూసి, బొట్లు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి కాకినాడ రైలెక్కారు. అంతవరకు బుద్ధిగా నడిచిన ఐరావతం ఆ మర్నాటి నుంచి సత్యాగ్రహానికి కూర్చుంది. (పేరు నేనే పెట్టాను. ఆ బూడిదరంగుకీ ఆ నడకకీ ఇంకో పేరు అతకలేదు.)

రోగ లక్షణాలు మనవి చేస్తాను. పొద్దున్నే స్టార్టవుతుంది. పావుగంట నాగలి లాగుతుంది. ఆ తర్వాత గొంతు సన్నగిల్లి, మూడుసార్లు దగ్గి ఆగిపోతుంది. అరగంట వదిలేస్తే ఏమీ ఎరగనట్టు మళ్లీ స్టార్టవుతుంది. మళ్లీ పావుగంటే. ఈ లెక్కన వేరుశనగకి ఆ మూడెకరాలూ దున్నేసరికి నాకు రిటైర్మెంటు వయసొస్తుంది. ఉద్యోగం ఇంకా రాలేదు గానీ, రిటైర్మెంటు ముందే వచ్చేటట్టుంది.

ఐలయ్య బానెట్టు మీద చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.

"దీనికి ఊపిరాడ్తలేదు సారూ" అన్నాడు.

నేను ఫిజిక్సు బి.యస్సీ.ని గనుక నవ్వాను. "ట్రాక్టరుకి ఉబ్బసమా ఐలయ్యా?" అన్నాను.

"నవ్వుండ్రి. పదకొండేండ్ల సంది దీని ఎంబడి తిరుగుతున్న. దీని దగ్గు నాకెర్క."

తమరు కాకినాడలో కూర్చుని ఈ రోగానికి మందు చెప్పగలరని నా విశ్వాసం. చెప్పకుండా ఉండలేరని కూడా.

పరీక్షలకు చదువుతున్నాననే నమ్మకం మీలో కలిగించవలసిన బాధ్యత గల,
ఆంజనేయులు

*

కాకినాడ,
5 నవంబరు 1974

చిరంజీవి ఆంజనేయులుకి మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరంలో వెటకారం తీసేస్తే నాలుగు వాక్యాలు మిగిలాయి. ఆ నాలుగూ చదివి జబ్బు కనిపెట్టాను. డీజిలు గొట్టంలోకి గాలి వస్తోంది. ఫిల్టరు మార్చండి. ఫిల్టరు పైనున్న స్క్రూ వదులు చేసి చేతి పంపు కొట్టండి. బుడగలు పోయి ఒట్టి డీజిలు వచ్చేదాకా కొట్టి స్క్రూ బిగించండి. మా ఆఫీసులో జీపుకి ఇలాగే చేశారు.

రెండోది. అదెంత పాతబండి అయినా మన ఇంటి లక్ష్మి. దసరా ఒక్కరోజు పూజ చేసి వదిలేస్తే అలుగుతుంది. ప్రతి శుక్రవారం ఐలయ్య చేత డీజిలు టాంకు మూత మీద పసుపు మెత్తి బొట్టు పెట్టించు. బండికి నోరు అదే. నేను దసరాకి మొట్టమొదట అక్కడే పెట్టాను. పల్చగా కాదు, నిండుగా రాయమను.

నీ అత్తయ్య చలికి మఫ్లరు అల్లుతోంది. నీకో నాకో ఇంకా చెప్పలేదు.

మామయ్య

*

మాదాపూర్,
11 నవంబరు 1974

జీపు వైద్యంలో ఆరితేరిన మామయ్యగారికి,

మీ ఆజ్ఞ అక్షరాలా అమలయింది. ఫిల్టరు మార్చాం. స్క్రూ వదులు చేసి నేను పంపు కొడుతుంటే ఐలయ్య బుడగలు చూశాడు. బుడగలు పోయిన సంగతి ఆయన చెప్పేలోపల డీజిలు నా చొక్కా మీదికి, చొక్కాలోంచి బనీను మీదికి ప్రవహించింది. రెండ్రోజులుగా నన్ను చూసి కుక్కలు కూడా మొరగడం లేదు, తుమ్ముతున్నాయి.

లింగంపల్లి నుంచి రాజయ్య మెకానిక్కుని పిలిపించాం. ఆయన ఇంజెక్టర్లు ఊడదీసి, కడిగి, బిగించి, "బండిల ఏం రోగం లేదు, మీ నసీబులనే ఉన్నది" అని తేల్చి, నాలుగు చాయలు తాగి వెళ్లాడు.

శుక్రవారం పూజ కూడా జరిగింది. ఐలయ్య స్నానం చేసి వచ్చి, బొటనవేలితో మూత మీద పసుపు ఎంత మెత్తాడంటే, అది మూతో బొబ్బట్టో చెప్పడం కష్టం.

ఇన్ని చేసినా ఐరావతం పావుగంటకే, ఒక్కోసారి పది నిమిషాలకే ఆగుతోంది. మధ్యలో టాంకు మాత్రం ఖాళీ అవుతోంది. డీజిలు ఐరావతం తాగుతోందో, ఐలయ్య తాగుతున్నాడో ఆ భగవంతుడికే తెలియాలి.

మఫ్లరు మీకే అని అత్తయ్యతో చెప్పండి. ఇక్కడ నన్ను డీజిలే వెచ్చగా ఉంచుతోంది.

ఆంజనేయులు

*

కాకినాడ,
15 నవంబరు 1974

చిరంజీవి ఆంజనేయులుకి,

నువ్వు నవ్వులాటగా రాసినట్టున్నావు గానీ చదవగానే నాకు చురుక్కుమంది. డీజిలు దొరకడమే గగనమైపోయిన రోజులివి. టాంకు ఖాళీ అవుతోంది, దుక్కి సాగడం లేదు. ఐలయ్య డీజిలు తీసి బయట ఇచ్చేసి, ఆ మేరకు నీళ్లు పోస్తున్నాడేమో అని అనుమానంగా ఉంది. నీళ్లు కలిసిన డీజిలుతో బండి పావుగంట కాకపోతే ఎంతసేపు నడుస్తుంది?

ఒక వెదురుపుల్ల మీద గాట్లు పెట్టు. దున్నేటప్పుడు పది నిమిషాలకోసారి టాంకు మూత తీసి, పుల్ల ముంచి కొలువు. రెండు మూడు రోజులు చేసి ఫలితం రాయి. కారణం ఐలయ్యతో అనకు.

శుక్రవారం మానకండి.

మామయ్య

*

మాదాపూర్,
21 నవంబరు 1974

గూఢచారి శాఖాధిపతులైన మామయ్యగారికి,

ముందుగా ఒక సవరణ. ఐలయ్య డీజిలు తాగుతున్నాడని నేను రాసింది హాస్యం. టాంకు ఖాళీ అయింది పంపు కొట్టి పారబోసినదానితోనూ, మాటిమాటికీ స్టార్టు చెయ్యడంతోనూ. నేను రాసేవాటిలో హాస్యం కానిది తేదీ ఒక్కటే. ఐలయ్య మధ్యాహ్నం తినే రొట్టెలో సగం తెచ్చి నా ముందు పెట్టే మనిషి. నీళ్ల సంగతి కూడా చూశాను. టాంకు అడుగునుంచి సీసాలోకి పట్టి, ఒక పూటంతా కదపకుండా ఉంచాను. కిందికి దిగితే నీళ్లు దిగాలి. ఒక్క చుక్క లేదు.

అయినా మీ మాట తీసెయ్యలేక పుల్ల చేశాను. సోమ, మంగళవారాలు పది నిమిషాలకోసారి బండి నిలబెట్టించి, ఇంజను తిరుగుతుండగానే మూత తీసి, పుల్ల ముంచి, గంభీరంగా చూసి, మూత బిగించాను.

"ఆ పుల్లేంది సారూ?" అన్నాడు ఐలయ్య.

"శాస్త్రీయ పరిశోధన" అన్నాను.

"మంచిగ చేయుండ్రి" అన్నాడు పాపం.

ఇప్పుడు వింత వినండి. ఆ రెండు రోజులూ ఐరావతం ఒక్కసారి కూడా ఆగలేదు! ఎకరంన్నర దున్నేశాం. డీజిలు ఎంత కాలాలో అంతే కాలింది. బుధవారం నాకు జలుబు చేసి పొలానికి పోలేదు. ఆ రోజు పుల్లా లేదు, నేనూ లేను. బండి పది నిమిషాలకే నిలబడిపోయింది.

కొలిస్తే నడుస్తుంది, కొలవకపోతే ఆగుతుంది. ఎందుకో నాకు తెలియదు. తెలిసేదాకా తమరు కూడా తెలిసిందనుకోవద్దని ప్రార్థన.

ఆంజనేయులు

*

(కార్డు)

కాకినాడ,
25 నవంబరు 1974

ఆంజనేయులుకి. నువ్వు చూస్తుంటే బండి నడిచింది. నువ్వు లేని రోజు ఆగింది. ఇంకేం రుజువు కావాలి? డీజిలు దొంగ ఐలయ్యే. ఈ ముక్క అందిన గంటలో తాళంచెవి తీసుకుని పనిలోంచి పంపెయ్యి. మొహమాటపడకు. మామయ్య.

*

మాదాపూర్,
1 డిసెంబరు 1974

మామయ్యా,

మీ కార్డు అందింది. నాకు అందడానికి ముందు ఊరికి అందింది.

పోస్టుమాను నర్సింహ సంగతి మీకు తెలియదు. కవరైతే దేవుడి ప్రసాదంలా రెండు చేతుల్తో తెచ్చి ఇస్తాడు. కార్డయితే అందరిదీ అని ఆయన సిద్ధాంతం. దాచుకునే మాటైతే కవర్లోనే పెడుదురు గదా అంటాడు. చదువురాని వాళ్లకి చదివిపెట్టీ పెట్టీ అలవాటైపోయింది. బుచ్చమ్మ హోటలు ముందు సైకిలు ఆపి, "కాకినాడ సారు రాసిండు" అని మొదలుపెట్టి గడగడా చదువుకుపోయాడు. బెంచీ మీద పదిమంది ఉన్నారు. వాళ్లలో ఐలయ్య ఉన్నాడు. పేరు దగ్గరికి వచ్చాక గాని నర్సింహ తలెత్తలేదు.

అప్పుడే నేను అక్కడికి వెళ్లాను. ఐలయ్య చాయ గ్లాసు కింద పెట్టాడు.

"మల్ల సదువు" అన్నాడు.

"వద్దులే అన్నా" అన్నాడు నర్సింహ.

"సదువుమన్న గద."

రెండోసారి కూడా విన్నాడు. నడుముకి కట్టుకున్న తాళంచెవి విప్పి నా చేతిలో పెట్టాడు. నా మొహం చూసి ఒక్కటే అడిగాడు.

"పుల్ల గందుకా సారూ?"

నాకు ఎప్పుడూ నోటి చివర ఒక మాట సిద్ధంగా ఉంటుందని మీరే అంటారుగా. అప్పుడు వచ్చింది "అవును" ఒక్కటే. ఆయన భుజాన తువాలు వేసుకుని మణికొండ దారి పట్టాడు. అక్కడ ద్రాక్షతోటలో ఆయన తమ్ముడున్నాడు.

మిగతాది రేపు రాస్తాను.

2 డిసెంబరు, ఇదే కాగితం మీద:

పొద్దున ఐరావతాన్ని నేనే తోలాను. దొంగిలించడానికి ఎవరూ లేరు. కొలవడానికి బుద్ధి పుట్టలేదు. సరిగ్గా పది నిమిషాలకి దగ్గి ఆగింది. మామయ్యా, దొంగ మణికొండలో ఉన్నాడు. బండి మాదాపూర్‌లో ఆగింది. దీన్ని బట్టి తమరే తేల్చుకోవచ్చు.

ఏం చెయ్యాలో తోచక, అలవాటు కొద్దీ పుల్ల తీసి మూత తిప్పాను. "హుస్స్" మంది. గాలి బయటికి కాదు, లోపలికి పోయింది. ఇన్ని రోజులూ ఇంజను చప్పుడులో ఆ శబ్దం నా చెవిన పడలేదు. మూత బిగించకుండా ఊరికే కప్పి స్టార్టు చేశాను. పన్నెండు దాకా ఆగలేదు. ఆపాలనుకున్నా ఆగేటట్టు లేదు.

అప్పుడు మూత తిరగేసి చూశాను. దాని నడుమ సూదిబెజ్జమంత రంధ్రం ఉంది. డీజిలు కిందికి దిగుతున్నకొద్దీ ఆ జాగాలోకి గాలి పోవడానికి పెట్టిన దారి అది. ఆ దారి మూసుకుపోతే టాంకులో గాలి పల్చబడి, డీజిలు దిగడం మానేస్తుంది. పది నిమిషాలకోసారి నేను మూత తీసి, తెలియకుండానే దానికి ఊపిరి పోశాను. అందుకే కొలిచినప్పుడు నడిచింది.

ఇంతకీ ఆ రంధ్రంలో ఏముందో తెలుసా? పసుపు. గోరుకి కూడా రాలేదు, గుండుసూదితో తవ్వాను. అడుగున మీ దసరా పసుపు. దాని మీద వారానికొకటి చొప్పున, మీ ఆజ్ఞ ప్రకారం, నిండుగా, శుక్రవారపు పసుపు.

వాతావరణ పీడనం మీద నేను పరీక్షలో నాలుగు పేజీలు రాసి, ఒక బొమ్మ వేసి ఫస్టుమార్కు తెచ్చుకున్నాను. బొమ్మ గీయడం రాని ఐలయ్య మొదటిరోజే చెవి పెట్టి విని, ఊపిరాడటం లేదన్నాడు. నేను నవ్వాను.

ఆంజనేయులు

*

(కవరు)

కాకినాడ,
7 డిసెంబరు 1974

చిరంజీవి ఆంజనేయులుకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. పసుపు రాస్తే బండి ఆగిందని నా సర్వీసులో ఎక్కడా వినలేదు. పూజలో లోపమేమీ లేదు. రాయడంలో ఐలయ్య చెయ్యి బరువై ఉంటుంది.

సరే, జరిగిందేదో జరిగింది. తొందరపడ్డానని నా మాటగా ఐలయ్యకి చెప్పు. రేపటినుంచి పనిలోకి రమ్మను. ఈ సంగతి నీకూ నాకూ ఐలయ్యకీ మధ్యనే ఉండాలి. అందుకే కవర్లో రాస్తున్నాను.

మామయ్య

*

మాదాపూర్,
11 డిసెంబరు 1974

మామయ్యా,

ఈ ఉత్తరంలో వెటకారం లేదు. వెతకొద్దు.

మణికొండ వెళ్లాను. ఐలయ్య ద్రాక్షతోటలో రాతికూసాలకి తీగె బిగిస్తున్నాడు. నన్ను చూసి తువాలుతో రాయి తుడిచి కూర్చోమన్నాడు. మూత కథంతా చెప్పాను.

"తీసినవా పసుపు? ఊపిరాడ్తుందా ఇగ?" అన్నాడు. మొదట అడిగింది బండి గురించే.

మీ కవరు విప్పి చదివాను. విన్నాడు. తీగె ఇంకో చుట్టు తిప్పాడు.

"మంచిగనే రాసిండు. గని ఇది కవర్ల పెట్టిండు. నువ్వొక్కడివి సదివినవ్, నేనొక్కన్ని ఇన్న. కార్డు మీది మాట ఊరంత ఇన్నది. నిన్న మా బిడ్డ అత్తగారింటి కాడికెల్లి మనిషొచ్చిండు, గిదేంది బావా, గిట్ల ఇంటున్నమని. ఆయనకు నీ కవరు సూపెట్టాల్నా?"

నేను ఒప్పుకున్నాను. ఇదంతా మొదలైంది నా వల్ల అని, డీజిలు నువ్వు తాగుతున్నావని నవ్వులాటకి రాసింది నేనే అని చెప్పేశాను. తిడితే బావుండును. తిట్టలేదు.

"నువ్వు నవ్వుకుంట రాసినవ్. ఆయన నవ్వకుంట సదివిండు. నడుమల నా పేరు పోయింది" అన్నాడు.

మామయ్యా, ఊరందరి ముందు తీసేసిన పేరు కవర్లో పెట్టి తిరిగివ్వడం కుదరదు. ఆయనకి కార్డు రాయండి. నా పేరున కాదు, ఆయన పేరున. ఏం రాయాలో నేను చెప్పను. చెబితే అందులో ఎక్కడో ఒక పరాచికం దూరుతుంది. నా రాతకి అంటుకున్న రోగం అది.

ఆంజనేయులు

*

(కవరు)

కాకినాడ,
16 డిసెంబరు 1974

చిరంజీవి ఆంజనేయులుకి,

నీ ఉత్తరం వచ్చిన రోజు నీ మీద కోపం వచ్చింది. మర్నాడు కూడా ఉంది. గవర్నమెంటు ఉద్యోగిని, ట్రాక్టరు డ్రైవరుకి బహిరంగంగా క్షమాపణ రాయడమేమిటని నీ అత్తయ్యతో అన్నాను. "దొంగ అని బహిరంగంగా రాసేటప్పుడు ఉద్యోగం గుర్తు రాలేదా?" అంది. ఆ పూట కూరలో ఉప్పు లేదు. అడగలేదు.

కార్డు ఈ రోజే వేశాను. నర్సింహ చదవడం అయ్యాక నువ్వు దాన్ని తీసుకుని చించెయ్యి. అలాంటివి నా దస్తూరితో ఊళ్లో తిరగడం మంచిది కాదు.

మామయ్య

*

మాదాపూర్,
23 డిసెంబరు 1974

మామయ్యగారికి ఆంజనేయులు నమస్కారాలు.

కార్డు శుక్రవారం వచ్చింది. నర్సింహ దాన్ని జేబులో పెట్టుకుని, మణికొండకి కబురంపి, ఐలయ్య వచ్చేదాకా ఒక్క అక్షరం బయటపెట్టలేదు. ఆయన సర్వీసులో ఒక కార్డుని చదవకుండా మూడు గంటలు మొయ్యడం ఇదే మొదలట. చెమట్లు పట్టాయి పాపం. ఈసారి బెంచీ చాలక జనం గోడ మీద కూర్చున్నారు. తమ రచన నా గుర్తుకోసం నకలు రాసుకున్నాను:

"ఐలయ్యకి. డీజిలు ఎవరూ దొంగిలించలేదు. టాంకు మూతలో గాలి పోయే రంధ్రాన్ని దసరా నాడు పసుపుతో మూసింది నేను. తర్వాత వారం వారం నీ చేత మూయించిందీ నేను. తప్పు నాది. నింద నీ మీద వేశాను. పదకొండేళ్లలో నువ్వు ఒక చుక్క ముట్టలేదు. నర్సింహా, ఇది గట్టిగా చదువు. భీమేశ్వరరావు."

అంచున అత్తయ్య దస్తూరీ: "ఈ కార్డే మొదట చీమల్లాంటి అక్షరాలతో రాస్తే చించి మళ్లీ రాయించాను. రత్నమాల."

నర్సింహ అత్తయ్య రాసింది కూడా చదివాడు. బుచ్చమ్మ పకపకా నవ్వింది. ఐలయ్య నవ్వలేదు. ఈసారి మళ్లీ చదవమని అడగలేదు. ఎవరో అడిగితే నర్సింహే చదివాడు.

తర్వాత ఐలయ్య నా దగ్గర తాళంచెవి అడిగి తీసుకుని పొలానికి నడిచాడు. మూత విప్పి, రంధ్రంలోంచి వెలుతురు చూసి, బిగించి, స్టార్టు చేశాడు. శని, ఆదివారాల్లో మిగిలిన నేలంతా దున్నేశాడు. ఐరావతం ఒక్కసారి దగ్గలేదు. రేపు వేరుశనగ విత్తనం పడుతుంది.

ఇక మీకు నచ్చని సంగతి. దుక్కి పూర్తయ్యాక తాళంచెవి మళ్లీ నాకే ఇచ్చేశాడు.

"అదేమిటి ఐలయ్యా, మామయ్య రాశారుగా?"

"రాసిండు. ఆయన మీద నాకేం లేదు. నడుమల ఇడిసిపెట్టిన పని గనక చేసిన. ద్రాక్షతోటోళ్లు నా మీద దొంగపేరు ఉన్న దినం పనిచ్చిండ్రు సారూ. ఆ పేరు పోంగనే వాళ్లను ఇడిసిపెట్టి వస్తే బాగుంటదా?"

జవాబు మీ దగ్గర ఉంటే రాయండి. నాకు మాత్రం ఆయన రెండు పాఠాలు చెప్పి వెళ్లాడు. నాగలి ఎత్తకుండా మలుపు తిప్పొద్దన్నాడు. బండి మొరాయిస్తే ముందు చెవి పెట్టి, తర్వాత స్పానరు పెట్టమన్నాడు. వచ్చే దుక్కికి మీ డ్రైవరు బి.యస్సీ. అని తెలుసుకుని ధైర్యంగా ఉండండి.

కార్డు చించెయ్యమన్నారు. నకలు కోసం నర్సింహ దగ్గర తీసుకున్నాను గానీ చించలేదు. వెళ్లేముందు ఐలయ్యే దాన్ని అడిగాడు.

"నా పేరు యాడుంది?" అన్నాడు.

వేలు పెట్టి చూపించాను. తన వేలు కూడా అక్కడే పెట్టి, కొంచెంసేపు ఉంచాడు.

"గింతేనా?" అన్నాడు.

"అంతే."

"నా పేరు మీద చిట్టి రాంగ ఇదే సురువు" అని, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని మణికొండ వైపు నడిచాడు. జేబు చిన్నది. మీ సంతకం బయటికే కనిపిస్తోంది.

ఆంజనేయులు